ఓడ ఎవరిది, డీజిల్ ఎవరిది? ఈయూ రక్షణ విధానం నాకు ఎలా తలకెక్కిందంటే

సివిల్స్‌లో పీఎస్ఐఆర్ (రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు) ఆప్షనల్ తీసుకున్నవాళ్ళకి రెండో పేపర్‌లో యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఎలాగూ తప్పదు. జనరల్ స్టడీస్ రెండో పేపర్ జీఎస్-2లో కూడా ప్రాంతీయ కూటముల కింద వస్తుంది. అందులో మనమంతా పేజీ తిప్పేసే ముక్క ఒకటుంది: ఉమ్మడి భద్రత, రక్షణ విధానం. పొట్టిగా సీఎస్‌డీపీ. మొదటి ఏడాది నేనూ తిప్పేశాను. రెండో ఏడాది చదివాను, కానీ తప్పుగా చదివాను. ముందే చెప్తున్నా, నేను టాపర్ని కాను, ఒకసారి ఇంటర్వ్యూ దాకా వెళ్ళి వెనక్కొచ్చినవాణ్ణి.

టెస్ట్ సిరీస్‌లో 10 మార్కుల ప్రశ్న ఒకటి వచ్చింది. 150 మాటల్లో రాయాలి. తేదీలన్నీ కంఠతా పట్టి ఉన్నాను కాబట్టి ధీమాగా రాసేశాను. పేపర్ చేతికొచ్చాక చూస్తే, 'యూరోపియన్ సైన్యం' అని రాసిన మూడు చోట్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన ఒకటే మాట: 'ఎక్కడుంది?' 10కి 2 వేశారు.

ఆ రాత్రి అశోక్‌నగర్ రూమ్‌లో ఆ పేపర్ ముందేసుకుని కూర్చుంటే, గ్రూప్-2 చదివే మా రూమ్మేట్ అడిగాడు: "ఒరేయ్, వాళ్ళకి సైన్యమే లేకపోతే సోమాలియా దగ్గర తిరిగే ఓడలు ఎవరివిరా? డీజిల్ ఎవరు పోయిస్తారు?" నా దగ్గర సమాధానం లేదు. అది వెతుక్కుంటూ పోతే టాపిక్ మొత్తం విప్పుకుంది.

సముద్రపు దొంగల్ని అడ్డుకోవడానికి 2008 డిసెంబర్‌లో ఈయూ మొదలుపెట్టిన ఆపరేషన్ అటలాంటానే తీసుకోండి. ఓడ స్పెయిన్‌దో ఇటలీదో అయి ఉంటుంది. నావికుల జీతం, ఇంధనం, మరమ్మతులు ఆ దేశం నెత్తినే. హెడ్‌క్వార్టర్స్ లాంటి ఉమ్మడి ఖర్చులకు మాత్రం సభ్యదేశాలు వాటాలేసుకుంటాయి. ఆ వాటాలు 2021 నుంచి యూరోపియన్ పీస్ ఫెసిలిటీ అనే నిధిలోకి వెళ్తాయి. ఈయూ బడ్జెట్ లోంచి సైనిక ఆపరేషన్లకు డబ్బు తీయకూడదని ఒప్పందంలోనే, 41(2) అధికరణలో ఉంది. కొసావోలో పోలీసులు, న్యాయ నిపుణులతో నడిచే యూలెక్స్ లాంటి పౌర మిషన్లకైతే బడ్జెట్ వాడొచ్చు. మన ఊరి జాతర లాంటి వ్యవహారమే ఇది. ఎవరి బండి వాళ్ళే కట్టుకొస్తారు, పందిరికి మాత్రం చందాలు. బ్రెగ్జిట్ వచ్చాక అటలాంటా హెడ్‌క్వార్టర్స్ బ్రిటన్‌లోని నార్త్‌వుడ్ నుంచి స్పెయిన్‌లోని రోటాకు మారింది. పందిరి వేసుకున్న జాగా పోయిందన్నమాట.

ఈ సంగతి పట్టుబడ్డాక చరిత్ర కూడా కథలా గుర్తుండిపోయింది. నిజంగా ఉమ్మడి సైన్యం కట్టాలన్న ప్రయత్నం ఒకప్పుడు జరిగింది. 1950లో ఫ్రెంచ్ ప్రధాని ప్లెవెన్ ప్రతిపాదించాడు, 1952లో ఆరు దేశాలు సంతకం పెట్టాయి. 1954 ఆగస్టు 30న దాన్ని చంపింది కూడా ఫ్రెంచ్ పార్లమెంటే! ఆ తర్వాత దశాబ్దాల పాటు రక్షణ అంటే నాటోనే. 1990లలో యుగోస్లావియా తగలబడుతుంటే అమెరికా లేకుండా యూరప్ ఏమీ చేయలేకపోయింది. ఆ సిగ్గులోంచే 1998 డిసెంబర్‌లో సెయింట్ మాలోలో బ్రిటన్ ప్రధాని బ్లెయిర్, ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్ ఈయూకి సొంతంగా కదలగల సైనిక బలం ఉండాలని ఒక మాట మీదకు వచ్చారు. మరుసటి ఏడాది హెల్సింకీలో 60 రోజుల్లో 60,000 మందిని దింపగలగాలని లక్ష్యం పెట్టుకున్నారు. 2007కి వచ్చేసరికి అది 1,500 మంది చొప్పున బ్యాటిల్ గ్రూపులుగా చిక్కిపోయింది. వాటినీ ఇంతవరకు ఒక్కసారి కూడా రంగంలోకి దింపలేదు. విమర్శనాత్మకంగా పరిశీలించమన్న ప్రశ్నకు ఈ ఒక్క వాక్యం పేజీడు పనిచేస్తుందని నా అభిప్రాయం.

నేను బాగా తడబడింది 42(7) అధికరణ దగ్గర. 2009 డిసెంబర్ 1న అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందంలోది. సభ్యదేశం మీద దాడి జరిగితే మిగతావాళ్ళు చేతనైన అన్ని విధాలా ఆదుకోవాలంటుంది. ఒకరి మీద దాడి అంటే అందరి మీదా దాడే అనే నాటో ఐదో అధికరణకి జిరాక్స్ కాపీ అనుకున్నాను. కానీ దీని వెనకాల ఉమ్మడి సైనిక కమాండ్ ఏమీ లేదు. తటస్థ దేశాల విధానానికి భంగం రాకూడదని, నాటోలో ఉన్నవాళ్ళకి నాటోనే పునాది అని కూడా అక్కడే రాసి ఉంది. 2015 నవంబర్‌లో పారిస్ దాడుల తర్వాత ఫ్రాన్స్ దీన్ని మొదటిసారి ప్రయోగించింది. ఉగ్రదాడులు, విపత్తుల కోసమే పెట్టిన 222వ అధికరణ ఉండగా దాన్ని వదిలేసి ఇది ఎందుకు ఎంచుకుంది? 222లో యూనియన్ సంస్థలు వస్తాయి, 42(7)లో దేశంతో దేశం నేరుగా మాట్లాడుకోవచ్చు. జర్మనీ నిఘా విమానాలు పంపింది, నిర్ణయం మాత్రం బెర్లిన్‌ది.

కౌన్సిళ్ళ గోల ఒకటుంది. యూరోపియన్ కౌన్సిల్ అంటే దేశాధినేతలు, ప్రధానులు. కౌన్సిల్ ఆఫ్ ది ఈయూ అంటే మంత్రులు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ అసలు ఈయూ సంస్థే కాదు, 46 దేశాలతో స్ట్రాస్‌బర్గ్‌లో ఉంటుంది. 'స్ట్రాస్‌బర్గ్ కనిపిస్తే ఈయూ కాదు' అని నేనో కిటుకు కనిపెట్టుకున్నాను. యూరోపియన్ పార్లమెంట్ కూడా అక్కడే కూర్చుంటుందని మాక్ టెస్టులో తెలిసొచ్చింది! ఆ కిటుకు మీరు వాడకండి.

నోట్స్ కొనే ముందు ఈయూ ఒప్పందంలో 42 నుంచి 46 దాకా అధికరణలు నేరుగా చదవండి, నాలుగైదు పేజీలే. మిషన్లు మొదలుపెట్టడం లాంటి నిర్ణయాలు ఏకగ్రీవంగానే జరగాలన్న విషయం అక్కడే కనిపిస్తుంది. జవాబు చివర్లో భారత్ కోణం కావాలంటే, 2021 జూన్‌లో గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మన ఐఎన్ఎస్ త్రికంద్ ఈయూ నౌకాదళంతో కలిసి చేసిన విన్యాసాలు రాయండి. సహకారం ముఖ్యమన్న ఊకదంపుడు కన్నా ఇది నయం.

పాత నోట్స్‌లో మార్చుకోవాల్సినవి: పెస్కోలో (రక్షణ ప్రాజెక్టులు కలిసి చేపట్టే సభ్యదేశాల బృందం) 25 అని ఉంటే 26 చేయండి, 2022 రెఫరెండం తర్వాత డెన్మార్క్ వచ్చి చేరింది, ఇక బయట ఉన్నది మాల్టా ఒక్కటే. ఈయూ విదేశాంగ, భద్రతా విధాన ప్రతినిధిగా బొరెల్ పేరు కొట్టేసి కాయా కలాస్ అని రాసుకోండి. మొట్టమొదటి రక్షణ కమిషనర్ లిథువేనియాకు చెందిన కుబిలియస్. ఆయన చూసేది ఆయుధ పరిశ్రమ సంగతులు, సైన్యాన్ని కాదు. 2025లో సేఫ్ పేరుతో 15,000 కోట్ల యూరోల అప్పుల పథకం కూడా వచ్చింది. ఆ అప్పుతో కొన్న తుపాకీ ఎవరిదని మా రూమ్మేట్ అడగకముందే చెప్తున్నా: కొన్న దేశానిదే.