చామరెల్ మట్టి, మా అమ్మ దేవుడి గూడు

నిజం చెప్పొద్దూ, మారిషస్‌లో ఏడు రంగుల నేల చూడగానే నాకు అనిపించింది "ఇంతేనా?" అని. ఫోటోలు చూసి ఎడారంత ఊహించుకున్నా. తీరా చామరెల్ వెళ్తే మా వీధి చివర స్కూలు గ్రౌండంత ఉంది. చుట్టూ కంచె. లోపల కాలు పెట్టనివ్వరు. పైగా మిట్టమధ్యాహ్నం, అంతా ఇటుక రంగే.

ఇంతలో జల్లు పడింది. అందరూ షాపులోకి పరుగు. నేను చున్నీ నెత్తిన వేసుకుని అక్కడే నిలబడ్డా. జల్లు ఆగి ఎండొచ్చాక చూడాలి! ఎర్రమట్టి పక్కన వంకాయ రంగు, దాని అంచున పసుపు, ఇంకో దిబ్బ మీద ఉల్లిపొర గులాబీ. ఏడంటారు గానీ నాకు అయిదే లెక్కకొచ్చాయి.

ఆ దీవే లావాతో పుట్టింది. నల్లరాయి చివికి చివికి మట్టయింది. నీళ్లలో కరిగేవన్నీ వానలకి కొట్టుకుపోయి ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలాయి. ఎరుపు ఇనుముది, నీలం ఊదా ఛాయలు అల్యూమినియంవి. ఆ దిబ్బల మీద గడ్డిపరకైనా లేదు.

మాది కాకినాడ అనగానే మా డ్రైవరు కారు పక్కకి తీసి ఆపేశాడు. వాళ్ల ముత్తాత తండ్రి చెరకు తోటల్లో పనికి మా కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కాడట. మారిషస్‌లో ఒకప్పుడు తెలుగువాళ్లని ఆ రేవు పేరుతోనే పిలిచేవారు. మా డ్రైవరుకి వచ్చిన తెలుగు "బాగున్నారా", "ఉగాది" వరకే. ఉగాదికి వాళ్లకి దేశమంతా సెలవని మాత్రం రెండుసార్లు చెప్పాడు.

రాజధాని పోర్ట్ లూయీ దగ్గరపడుతుంటే పీటర్ బోత్ కొండ చూపించాడు. 820 మీటర్ల ఎత్తు. కొసన మనిషి తలకాయలా ఒక బండరాయి, తుమ్మితే దొర్లేలా ఉంది. ఆ తల ఒక పాలవాడిదట. కొండ మీద అప్సరసల నాట్యం చూశాడు. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఊరుకుంటాడా? చెప్పాడు, రాయైపోయాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు.

షాపులో గాజుగొట్టంలో నింపిన రంగుల మట్టి కొన్నా. కలిపేసినా మళ్లీ వేటికవే విడిపోతాయని షాపమ్మాయి చెప్పింది. ఇంటికి రాగానే కుదిపి చూద్దామనుకున్నా. అమ్మ దానికి బొట్టు పెట్టి గంగ చెంబు పక్కన దేవుడి గూట్లో పెట్టేసింది. అమ్మ గుడికి వెళ్లేది శనివారం సాయంత్రం.