ఇంకో డ్రైవర్ని పెట్టుకోవాలా? బండి ఎందుకు ఆగుతోందో రాసుకున్నాక తేలింది

నాకు రెండు లారీలు. ఒకటి నేనే నడిపేవాణ్ణి. రెండోది ఆరేళ్లుగా మా దగ్గరే ఉన్న డ్రైవర్ నడుపుతాడు. వయసులో పెద్దవాడు కాబట్టి బాబాయ్ అని పిలుస్తాను.

ఒక రాత్రి లోడుతో వస్తుంటే సీటు కింద గరగరమని చప్పుడైంది. కళ్లు తెరిచాను. అంటే అప్పటిదాకా మూసుకునే ఉన్నాయన్నమాట. ఎడమ చక్రాలు రోడ్డు దిగి కంకర మీద పోతున్నాయి. బండి ఆపి చాలాసేపు కిందే కూర్చున్నాను. యూరప్‌లో లారీ డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు విరామం తీసుకుని తీరాలి. అమెరికాలో సరుకు లారీ నడిపేవాడు 10 గంటల విశ్రాంతి తర్వాత 11 గంటలకు మించి స్టీరింగ్ పట్టకూడదు. నేను ఆ రోజు 14 గంటలు దాటేశాను. సొంత బండి కదా, అడిగేవాడెవడు?

ఇంట్లో చెబితే మా ఆవిడ ఒకటే మాట అంది: "ఇంకో డ్రైవర్ని పెట్టు." జీతం ఎక్కణ్నుంచి తేను అన్నాను. లెక్కలు రాసేది తనే కాబట్టి ఊరుకోలేదు. "లెక్క వేశావా, ఊరికే అంటున్నావా?" అంది. ఊరికే అన్నాను, నిజమే.

అప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టాం. బండి కదలని ప్రతి రోజుకీ పక్కన కారణం రాయడం, అంతే. నాలుగు గళ్లు: సరుకు దించక, లోడు దొరక్క, రిపేరు, మనిషి లేక. 90 రోజుల తర్వాత కూడితే నా బండి 31 రోజులు నిలబడిపోయింది. అందులో 12 రోజులు గోడౌన్ల ముందు క్యూలో. 8 రోజులు లోడు దొరక్క. 4 రిపేర్లు. మనిషి లేక ఆగింది 7 రోజులే, అంటే నాకు జ్వరం, ఇంట్లో పనులు, ఒళ్లు లేవని రోజులు. బాబాయ్ సెలవుల వల్ల ఆయన బండి ఇంకో 9 రోజులు ఆగింది. నాకు డ్రైవర్ కరువే పెద్ద సమస్య అనుకున్నాను. నోట్‌బుక్ మాత్రం రెండు బండ్లకూ కలిపి మూడు నెలల్లో 16 రోజులే అంది, నెలకు ఐదు రోజులు చిల్లర. మాకు ఒక ట్రిప్పుకి నాలుగు రోజులు పడుతుంది. అంటే కొత్తవాడు వస్తే నెలకు పెరిగేది ఒక్క ట్రిప్పు.

ఆ ఒక్క ట్రిప్పుతో జీతం వస్తుందా? ట్రిప్పు కిరాయిని 100 అనుకుంటే మా లెక్కలో డీజిల్‌కి 45, టోల్, బత్తా, లోడింగ్ మామూళ్లకి 15, టైర్లకీ సర్వీసుకీ పక్కన పెట్టాల్సింది 10. మిగిలేది 30. ఈఎంఐ, ఇన్సూరెన్స్, ట్యాక్స్ ఇందులో కలపలేదు. బండి తిరిగినా నిలబడినా అవి పోయేవే. ఇంకో ట్రిప్పు తిప్పడం వల్ల పెరిగేవి కావు. ఇదే కొలతలో డ్రైవర్ నెల జీతం 60. నేను అక్కడే ఆగి, రెండు ట్రిప్పులు చాలు అనేశాను. మా ఆవిడ పెన్ను లాక్కుని బోనస్, సెలవు రోజుల జీతం, తిరిగిరాని అడ్వాన్సు, పెరిగే ఇన్సూరెన్స్ కలిపితే 80 అయింది. అంటే నెలకు దాదాపు మూడు ట్రిప్పులు పెరగాలి. పెరిగేది ఒకటి. వద్దు అని తేలిపోయినట్టే.

నోట్‌బుక్ మూసేశాను కూడా. కానీ లోడు దొరక్క ఆగిన ఆ 8 రోజులు మనసులో తిరుగుతూనే ఉన్నాయి. అవి కాక, అదే మూడు నెలల్లో మా బండ్లు 11 సార్లు ఖాళీగా తిరిగొచ్చాయి. ఎందుకు? మార్కెట్లో లోడ్లు లేక మాత్రం కాదు. బ్రోకర్ ఫోన్ చేస్తాడు, రెండు నిమిషాల్లో సరే అనాలి. ఆ టైముకి నేను ఎత్తు రోడ్డు మీద గేర్లు మారుస్తుంటాను. ఎక్కడో ఆపి తిరిగి చేసేసరికి "వేరే బండికి ఇచ్చేశానన్నా" అంటాడు. బాకీలూ అంతే. బిల్లు ఇచ్చి 70 రోజులైన పార్టీ ఒకటుంది. అడగాల్సిన వాణ్ణి నేను, రోజంతా స్టీరింగ్ మీద ఉంటాను.

రిటర్న్ లోడు లెక్క వేరు. కిరాయి తక్కువే, 100 బదులు 70 వస్తుంది. కానీ బండి ఎలాగూ వెనక్కి రావాలి కాబట్టి అదనంగా అయ్యే డీజిల్, లోడింగ్ 20 దాటవు. 50 మిగులుతుంది. నెలకు ఒక ట్రిప్పు, ఒక రిటర్న్ లోడు పెరిగితే 30, 50 కలిపి కొత్తవాడి ఖర్చు సరిగ్గా వచ్చేస్తుంది. రెండో రిటర్న్ లోడు నుంచి లాభం. అప్పటికి అర్థమైంది, నేను వెతకాల్సింది నన్ను స్టీరింగ్ నుంచి దించే మనిషిని అని.

కాగితం మీద అంతా బాగుంటుంది. అందుకే ఒక నెలకి టెంపరరీ డ్రైవర్ని తీసుకుని చూద్దామనుకున్నాను. ఈ సంగతి బాబాయ్‌కి ముందు చెప్పకపోవడం నా తప్పు. ఎవరి ద్వారానో తెలిసి, బండి తాళాలు టేబుల్ మీద పెట్టి "నన్ను తీసేస్తున్నావా?" అని అడిగాడు. నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది. ఆ తర్వాత ఆయనే "వచ్చేవాడి పక్కన నేను కూర్చుంటా, నువ్వు వెనక కార్లో రా" అన్నాడు.

మొదటి కుర్రాడు చలాకీగా నడిపాడు, నాకు నచ్చాడు. దిగగానే బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. పల్లం వచ్చిన ప్రతిసారీ న్యూట్రల్ వేస్తున్నాడట, డీజిల్ మిగులుతుందని. లోడు బండిని గేర్‌లో ఉంచి దింపితే ఇంజినే కొంత పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కాక పట్టు తప్పుతుంది. కుర్రాణ్ణి అడిగితే, పాత ఓనర్ మైలేజీకి బోనస్ ఇచ్చేవాడని చెప్పాడు. నేనూ అలాంటి బోనస్ పెడదామనే అనుకుంటున్నాను! అదే రోజు మానుకున్నాను. ట్రిప్పుకి ఇంత అని ఇచ్చే పద్ధతీ వద్దనుకున్నాను. ట్రిప్పుల లెక్కన డబ్బిస్తే నిద్ర మానుకుని పరిగెత్తుతారు. ఆ రాత్రి కంకర మీద పోయింది నేనే కదా.

రెండో అతను బండెక్కే ముందు చుట్టూ తిరిగాడు. రాడ్డుతో ఒక్కో టైరూ కొట్టి చప్పుడు విన్నాడు, వెనక లోపలి టైరు దగ్గర ఆగి రెండోసారి కొట్టాడు. దాంట్లో గాలి తగ్గి ఉంది. రోజూ బండి చూసేవాణ్ణి నాకే తెలియలేదు. హెవీ లైసెన్స్, దాని గడువు సరిచూసుకుని తీసుకున్నాను. లైసెన్స్ చెల్లకపోతే యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర మెడకు చుట్టుకునేది ఓనర్‌కే.

ఆ నెల నేను ఫోన్ దగ్గర కూర్చున్నాను. మూడు రిటర్న్ లోడ్లు పడ్డాయి. 70 రోజుల పార్టీ సగం కట్టాడు, రోజూ వెళ్లి కూర్చుంటే. కొత్త చేతిలో డీజిల్ కొంచెం ఎక్కువే తాగింది, అది తర్వాత సర్దుకుంది. అయినా వెంటనే పర్మనెంట్ చేయలేదు. కిరాయి ఎప్పుడో వస్తుంది, జీతం మాత్రం నెలాఖరుకి ఇవ్వాలి. రెండు నెలల జీతం పక్కన చేరాకే రమ్మన్నాను.

ఇప్పటికి ఎనిమిది నెలలు. రెండు నెలలు రిటర్న్ లోడ్లు అసలు పడలేదు, ఆ పక్కన పెట్టిన డబ్బే కాపాడింది. బాబాయ్ సెలవు పెడితే నేనే బండెక్కుతాను. నోట్‌బుక్ ఇంకా రాస్తున్నాం. "మనిషి లేక" గడి దాదాపు ఖాళీ. "సరుకు దించక" గడి మాత్రం ఎప్పటిలాగే నిండుతోంది. ఎంతమంది డ్రైవర్లను పెట్టినా అది తగ్గేది కాదు. ఇప్పుడు లోడు ఒప్పుకునే ముందే హాల్టింగ్ ఛార్జీ, అంటే సరుకు దించక బండి ఆగితే పార్టీ ఇవ్వాల్సిన డబ్బు, కాగితం మీద రాయించుకుంటున్నాను. సగం మంది రాయమంటే మొహం చిట్లిస్తున్నారు.