మేడ మీద కాగితం పువ్వు

మా అత్తగారు నాటిన కాగితం పూల తీగ గేటు పక్కన ఉండేది. గోడ దాటి వీధిలోకి వాలి, నిండుగా రాణి రంగులో పూసేది. కాలువ పనికి ఆ గోడ కొట్టేసినప్పుడు తీగ కూడా పోయింది. ఒక కొమ్మను మాత్రం దక్కించుకుని మేడ మీద కుండీలో గుచ్చాను.

పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పోశాను, నెలనెలా గుప్పెడు యూరియా వేశాను. రెండేళ్ళలో నా ఎత్తు పెరిగింది. ఒక్క పువ్వు లేదు. అత్తగారి గుర్తు నా చేతుల్లోనే పాడైపోతోందని ఎంత టెన్షన్ పడ్డానో!

మా పర్లాకిమిడి 1936లోనే ఒడిశాలో కలిసింది కానీ మా వీధిలో రెండు భాషలూ నడుస్తాయి. పక్కింటి మౌసీ వడియాలు ఎండబెట్టడానికి మా మేడ ఎక్కి, కుండీలో వేలు పెట్టి చూసింది. "పాణి బంద కర, బోహూ (నీళ్ళు ఆపు, కోడలా). మట్టి ఎండనీ. నువ్వు ఆకుకూర పెంచుతున్నావు" అంది.

నిజమే. యూరియా ఆకుకే బలం. ఈ తీగకు రోజంతా ఎండ కావాలి, వేరు దగ్గర నీరు నిలవకూడదు. యూరియా మానేశాను. ఆకులు వాడే దాకా నీళ్ళు ఆపాను. ఆ వాడిన ఆకులు చూస్తూ ఊరుకోవడమే నాకు కష్టమైంది. నెల తిరక్కుండా కొసల్లో రంగు కనిపించింది.

దగ్గర నుంచి చూస్తే, మనం రేకులనుకునే ఆ మూడూ రంగు తిరిగిన ఆకులే. మధ్యలో సన్నని గొట్టంలా తెల్లగా ఉండేదే అసలు పువ్వు.

ఇది బ్రెజిల్ వైపు తీగ. 1767లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త కొమర్సన్ అక్కడ సేకరించి, తమ ఓడల నాయకుడు బూగన్‌విల్ పేరు పెట్టాడు. కొమర్సన్ సహాయకురాలు జాన్ బారె మగవేషంలో ఆ ప్రయాణం చేసింది. ఆడవాళ్ళను ఆ ఓడలు ఎక్కనివ్వని రోజులవి. ఈ తీగకు ఆవిడ పేరే పెట్టి ఉండాల్సిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పూత అయ్యాక కొసలు కత్తిరించాను, కొత్త చిగురుకే మళ్ళీ పూస్తుంది కాబట్టి. పెన్సిలంత లావు కొమ్మలు ఐదు ఏరి, వానలు మొదలవగానే ఇసుక కలిపిన మట్టిలో గుచ్చాను. మూడు బతికాయి. ఒకటి మౌసీ పట్టుకెళ్ళింది. ఒకటి కొత్త గోడ పక్కన, పాత తీగ ఉన్నచోటే నాటాను.