థెరపిస్ట్ ఇచ్చిన లిస్టులో నాకు పనికొచ్చినవీ పనికిరానివీ

నాన్న పోయి ఏడాది దాటినా రాత్రి మూడింటికి మెలకువ వచ్చేయడం, బ్రాంచ్‌లో కౌంటర్ దగ్గరకొచ్చిన ముసలాయన మీద ఊరికే విసుక్కోవడం, ఇవన్నీ చూసి మా ఆవిడే ఆన్‌లైన్‌లో తెలుగులో మాట్లాడే థెరపిస్ట్‌ని వెతికింది. నేను వద్దంటే "బీపీ వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళరా ఏంటి" అంది, ఇంక నా దగ్గర జవాబు లేదు. ఆర్నెల్లయింది. ఆఫీసులో ఇద్దరు ముగ్గురు చాటుగా "ఏం చదవమన్నారు, ఏం చెయ్యమన్నారు" అని అడుగుతున్నారు కాబట్టి ఇక్కడ రాసేస్తున్నా.

మొదటిరోజే ఒక ఫారం పంపారు, పీహెచ్‌క్యూ-9 అంటారు, డిప్రెషన్ ఎంతుందో అంచనా వేసేది, తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, దేనిమీదైనా ఇంట్రెస్ట్ ఉందా ఇలాంటివి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. మార్కులెక్కువొస్తే మురిసిపోయే పరీక్ష కాదు ఇది. నాకు 14. పదీ ఆ పైన వస్తే కాస్త పట్టించుకోవాలట, కానీ జబ్బు పేరు ఈ ఫారం చెప్పదు, డాక్టరే చెప్పాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండనిపిస్తోందా అని. దానికి సున్నా కాకుండా ఏం వచ్చినా పుస్తకాలూ గిస్తకాలూ పక్కన పడేసి వెంటనే మనిషితో మాట్లాడమన్నారు మేడం. 14416 అని టెలీ మానస్ నంబరుంది, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 2022లో మొదలైంది, ఎప్పుడు చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేం లేవు. ఆవిడ చెప్పేదాకా నాకు దీని పేరే తెలీదు.

ఇక పుస్తకాలు. డేవిడ్ బర్న్స్ రాసిన 'ఫీలింగ్ గుడ్', 1980 నాటిది, ఇటుకంత ఉంటుంది, అమెరికా కబుర్లు ఎక్కువ, నిజం చెప్పాలంటే సగం కూడా చదవలేదు. కానీ అందులో మూడు గడుల పద్ధతి ఒకటుంది, అది మాత్రం ఇప్పటికీ చేస్తున్నా. మొదటి గడిలో మనసులో తన్నుకొచ్చిన మాట, రెండో దాంట్లో ఆ ఆలోచనలో మెలిక ఎక్కడుందో, మూడో దాంట్లో తీరిగ్గా ఆలోచిస్తే ఏమనాలో. మా మేనేజర్ "ఒకసారి కేబిన్‌కి రండి" అంటాడు, నా బుర్ర "అయిపోయింది, ట్రాన్స్‌ఫరే" అంటుంది. ఇలా జరగబోయేదాన్ని ముందే ఖాయం చేసుకోవడానికి పుస్తకంలో పెద్ద పేరుంది, నేను మాత్రం రెండో గడిలో "చిలక జోస్యం" అని రాసుకుంటా. ఇంతకీ ఆరోజు ఆయన పిలిచింది వాళ్ళమ్మాయి పెళ్ళికార్డు ఇవ్వడానికి.

విక్టర్ ఫ్రాంకల్ పుస్తకం 'మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్' మేడం ఇవ్వలేదు, మా బావ ఇచ్చాడు. నాజీ క్యాంపుల నుంచి బతికి బయటపడ్డ మనిషి రాసింది, 1946లో అచ్చయింది, గొప్ప పుస్తకమే, కాదనను, కానీ "ఆయనే తట్టుకున్నాడు, నీకేమైందిరా" అంటూ చేతిలో పెడితే ఎవడికైనా ఇంకా కుంగిపోవాలనిపిస్తుంది. మేడంకి చెప్తే నవ్వి, తర్వాత చదువుదురుగాని అన్నారు. అయినా ఇంకా చదువుతూనే ఉన్నా.

ధ్యానం యాప్‌కి ఏడాది డబ్బులు కట్టేసి నాలుగు రోజులు విన్నా. ఎవడో ఇంగ్లీషులో గుసగుసలాడుతూ బీచ్‌లో ఉన్నట్టు ఊహించుకోమంటాడు, నాకు ఆటో రెన్యువల్ ఆపానా లేదా అన్నదే గుర్తొచ్చేది. దానికంటే నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలడం నయం, ఊపిరి వదిలేటప్పుడు గుండె కొంచెం నెమ్మదిస్తుంది కాబట్టి వదిలేదే ఎక్కువసేపు ఉండాలట. పైసా ఖర్చు లేదు, కౌంటర్లో కూర్చునే చెయ్యొచ్చు.

అసలు నాకు బాగా పట్టింది ఫీలింగ్స్ వీల్. గుండ్రటి బొమ్మ, మధ్యలో కోపం, భయం, బాధ లాంటి పెద్ద మాటలు, బయటికి పోయేకొద్దీ చిన్నచిన్న తేడాలు. గ్లోరియా విల్‌కాక్స్ అనే ఆవిడ 1982లో తెచ్చారట. రోజుకోసారి అందులో నీ మాట వెతుక్కో అని హోంవర్క్. వారం తిప్పినా నాది దొరకలేదు, అన్నీ ఇంగ్లీషే, ఏది చూసినా కొంచెం బిగుతుగానో వదులుగానో ఉన్న చొక్కాలా ఉంది. మేడంకి చెప్తే "అయితే మీ ఇంట్లో ఏమంటారో అవే రాయండి" అన్నారు.

అమ్మకి ఫోన్ చేశా. ఒరేయ్ బెంగ వేరు, దిగులు వేరు అని మొదలెట్టింది, అరగంట ఆపలేదు. బెంగ మనిషి మీద పెట్టుకునేది, హాస్టల్లో పడేసిన పిల్లాడికి ఉంటుందే అది. దిగులు ఊరికే వచ్చి కూర్చుంటుంది. గుబులు రాబోయేదాని గురించి. ఉక్రోషం అంటే ఎదుటివాణ్ణి ఏమీ చెయ్యలేక కళ్ళనీళ్ళతో వచ్చే కోపం. నామోషీ నలుగురున్నప్పుడే వస్తుంది. అలక మనవాళ్ళ మీదే, మనవాళ్ళు కానివాళ్ళ మీద ఎవడు అలుగుతాడు. రాసుకుంటూ పోతే ఇరవై రెండు మాటలు తేలాయి. నేను కోపం అనుకుంటూ కస్టమర్ల మీద చూపించినదాంట్లో సగం బెంగే, నలభై నాలుగేళ్ళొచ్చాక నాన్న మీద బెంగేంటని నాకే నామోషీ, అందుకే ఆ మాట దగ్గరికి పోలేదు. ఆ కాగితం మేడంకి చూపిస్తే ఇంకో ఇద్దరికి ఇస్తా, మీకు అభ్యంతరమా అని అడిగారు.

నిన్న రాత్రి పదింటికి అమ్మే ఫోన్ చేసింది. "ఒరేయ్, ఇంకోటి మర్చిపోయాం, వెలితి. రాసుకో" అంది, కాసేపు లైన్లోనే ఉంది, ఏం మాట్లాడలేదు, తర్వాత పెరుగు తోడు వెయ్యాలంటూ పెట్టేసింది.