వైజాగ్ ఉప్పుగాలిలో ముస్తఫా మెషీన్‌ని మళ్లీ నడిపించాలంటే

తొంభైల్లో వీడియోగేమ్ పార్లర్లలో మనమంతా ముస్తఫా అని పిలుచుకున్న ఆట 1993లో కాప్‌కామ్ తెచ్చిన ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. పార్లర్లు మూతపడ్డాక ఆ మెషీన్లు గోడౌన్లకు, మేడమెట్ల కిందకు చేరాయి. అలాంటిది మీకు దొరికితే, తెచ్చిన రోజే ప్లగ్గు పెట్టకండి.

మన ఊళ్లో ఎలక్ట్రానిక్స్‌కి వయసు కంటే ఉప్పు ఎక్కువ చేటు చేస్తుంది. లాసన్స్ బే, పెద వాల్తేరు వైపు పడి ఉన్న మెషీన్లయితే మరీను. బోర్డు మీద పేరుకున్న ఉప్పు ఉక్కపోత రోజుల్లో తేమ పీల్చుకుని కరెంటుకి దారి ఇస్తుంది, రాగి గీతల్ని తినేస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి తడిసిందా అని కూడా అమ్మేవాళ్లను అడగండి. క్యాబినెట్ అడుగు చెక్క ఉబ్బి పొరలు లేచి ఉంటే జవాబు అక్కడే ఉంది.

ముందు బోర్డు ఏదో తేల్చుకోవాలి. అసలు కాప్‌కామ్ బోర్డయితే అంతస్తులుగా పేర్చి ఉంటుంది. సౌండు పుట్టించే క్యూసౌండ్ చిప్పు మీద డీఎల్-1425 అని రాసి ఉంటుంది, లోపల ఒక బ్యాటరీ కూడా ఉంటుంది. నకిలీ బోర్డులో ఈ చిప్పు ఉండదు, బ్యాటరీ ఉండదు, సౌండు పల్చగా వస్తుంది. నకిలీ అని తీసిపారేయకండి. చెడిపోయేందుకు బ్యాటరీ లేకపోవడం దానికి పెద్ద ప్లస్సు. అసలు బోర్డులో ఆ బ్యాటరీ అయిపోతే సౌండ్ ప్రాసెసర్ లోపల దాచిన రహస్య కోడ్ (కీ) చెరిగిపోయి గేమ్ సరిగా నడవదు. బ్యాటరీ ఇంకా బతికే ఉంటే, అదే వోల్టేజి ఉన్న కొత్తదాన్ని ముందు పక్కనే సమాంతరంగా తగిలించి, తర్వాతే పాతది తీయాలి. టంకం వేసే క్షణంలో సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకేయండి. ఎర్త్ ఉన్న ఐరన్ మొన తగిలినా కీ పోవచ్చు.

బోర్డు కడగడంలోనే చాలామంది పొరపడతారు. నేరుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రుద్దేస్తారు. జిడ్డు పోతుంది గానీ ఉప్పు అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే అది ఆల్కహాల్‌లో దాదాపు కరగదు. ముందు డిస్టిల్డ్ వాటర్, మెత్తని బ్రష్‌తో కడగాలి. ఆ తర్వాత 99 శాతం ఆల్కహాల్ పోస్తే మిగిలిన నీటిని లాక్కుపోతుంది. ఫ్యాను కింద రెండు రోజులు ఆరనివ్వండి. వానాకాలమైతే అట్టపెట్టెలో 40 వాట్ల ఫిలమెంటు బల్బు వెలిగించి, దానికి దూరంగా పెట్టండి. బ్యాటరీ ఉన్న బోర్డుని మాత్రం నీళ్లలో ముంచొద్దు. పొడి బ్రష్‌తో దులిపి, కనెక్టర్ అంచు వరకే శుభ్రం చేయండి. ఆ అంచు మీది బంగారు పూతని తెల్ల రబ్బరుతో తుడిస్తే చాలు, గరుకు కాగితం పెడితే పూతే లేచిపోతుంది.

ఆ అంచు జమ్మా అనే 56 పిన్నుల ఆర్కేడ్ కనెక్టర్‌లోకి వెళ్తుంది. రెండు పక్కలా 28 చొప్పున. విడిభాగాలు ఉన్న వైపు 1, 2 గ్రౌండు, 3, 4 మీద 5 వోల్టులు, 6 మీద 12 వోల్టులు. వీడియో 12, 13 నంబర్లలో, వాటి వెనకే ఉన్న ఎన్, పి పిన్నుల్లో ఉంటుంది: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, సింక్. తలకిందులుగా గుచ్చితే చిప్పులు కాలిపోతాయి. 7వ చోట అడ్డుపుల్ల ఉందో లేదో చూసుకోండి. మూడో ఆటగాడి తీగలు జమ్మాలో రావు, వాటికి వేరే కనెక్టర్ ఉంటుంది. మూడో స్టిక్ కదలకపోతే ముందు అక్కడ వెతకండి.

పవర్ సప్లైని బోర్డుకి కలపకముందే 12 వోల్టుల, 21 వాట్ల కారు బల్బుతో లోడ్ పెట్టి పరీక్షించండి. కలిపాక మల్టీమీటరు సప్లై దగ్గర కాదు, బోర్డు మీద చిప్పు కాళ్ల దగ్గర పెట్టాలి. అక్కడ 5.0 నుంచి 5.1 రావాలి. 4.8 దిగువకు పడితే గేమ్ మధ్యలో రీసెట్ అవుతుంది, 5.25 దాటితే చిప్పులకే ముప్పు. సప్లైలో సరిగ్గా ఉండి బోర్డులో తక్కువ వస్తుంటే తీగ సన్నదని అర్థం.

ఇక మానిటర్. ఇది ప్రాణాంతకమైన భాగం. పిక్చర్ ట్యూబు ఆనోడ్ (రబ్బరు కప్పు కింద ఉండే హై వోల్టేజి కొన) మీద ఇరవై వేల వోల్టుల పైన ఉంటుంది, ఆపేసినా కొంత నిల్వ ఉండిపోతుంది. స్క్రూడ్రైవర్ ఇనుప కాడకు తీగ చుట్టి, తీగ రెండో కొస ట్యూబు చుట్టూ ఉన్న గ్రౌండు జడతీగకి తగిలించి, ఒక చేత్తోనే ఆ రబ్బరు కప్పు కిందకు దూర్చి డిశ్చార్జ్ చేయాలి. భయంగా ఉంటే ఆ పని టీవీ మెకానిక్‌కి అప్పజెప్పండి. మానిటర్‌ని మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పాత మానిటర్లలో చాలావాటికి చాసిస్ (లోపలి సర్క్యూట్ గ్రౌండు) లైవ్‌గా, అంటే మెయిన్స్ కరెంటుతో ఉంటుంది, గేమ్ బోర్డు గ్రౌండు తగలగానే మానిటరూ బోర్డూ రెండూ పోతాయి.

మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు మెయిన్స్ తీగకి సిరీస్‌లో 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టండి. ఒకసారి మెరిసి మందగిస్తే మంచిదే, అలాగే వెలుగుతుంటే షార్టు ఉంది. తెరకి పట్టిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే డీగాస్ కాయిల్ మొదట్లో కరెంటు బాగా లాగుతుంది కాబట్టి దాన్ని ఊడదీసి చూడండి. బొమ్మ అడ్డంగా ఒకే గీతైతే వెంటనే ఆపేసి, బొమ్మని నిలువునా పరిచే వర్టికల్ ఐసీ కాళ్ల టంకం చూడండి, సన్నటి పగులు కనిపిస్తుంది. అంచులు అలల్లా ఊగితే ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయింది. కొత్తవి 105 డిగ్రీల వేడి తట్టేవే తీసుకోండి. చీకట్లో ఆనోడ్ కప్పు చుట్టూ నీలి వెలుగు, బుసలు వస్తుంటే అక్కడ ఉప్పు పేరుకుంది. డిశ్చార్జ్ చేసి, ఆల్కహాల్‌తో తుడిచి, సిలికాన్ గ్రీజు రాయండి.

అడుగు చెక్కకి ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్, 18 మిల్లీమీటర్లది వేసి, కాళ్లతో రెండంగుళాలు ఎత్తండి. ఇల్లు తుడిచిన నీళ్లు అందవు.

కాయిన్ పెట్టె ఒకటి చివర్లో తంటా తెస్తుంది. అది 25 మిల్లీమీటర్ల పాత స్టీలు రూపాయికి అమర్చినదైతే, 2011లో వచ్చిన 22 మిల్లీమీటర్ల బిళ్ల జారిపోతుంది, క్రెడిట్ పడదు. పాత బిళ్లలు ఓ గుప్పెడు దాచిపెట్టుకోండి. లేదంటే జమ్మా 16వ పిన్నుకి ఒక బటన్ పెట్టి గ్రౌండుకి కలిపేయండి.