జెండా బొమ్మకు అనుమతి పత్రం

నా పుస్తకంలోని చివరి బొమ్మకు కూడా ఆమోదం లభించిందని నిన్న సాయంత్రం ప్రచురణ సంస్థ నుంచి ఈమెయిల్ వచ్చింది. మొత్తం 19 బొమ్మలకు అనుమతులు కూడగట్టడానికి 11 నెలలు పట్టగా, అందులో 7 నెలలు ఒకే ఒక్క పత్రిక ముఖచిత్రం తినేసింది. కోపం చల్లారకముందే ఆ కథ రాసిపెట్టుకుంటున్నాను.

అమెరికన్ పత్రికల ముఖచిత్రాలలో దేశభక్తి ఎలా రూపుకట్టిందన్నది నా పుస్తకంలో ఒక అధ్యాయం. ఇక్కడ అమెరికాలో విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థలు బొమ్మల అనుమతుల భారాన్ని సాధారణంగా రచయిత నెత్తినే పెడతాయి. ఆ మాట ఒప్పంద పత్రంలో తొమ్మిదో పేజీలో ఉంది. సంతకం పెట్టే ఉత్సాహంలో నేను ఆ పేజీ చదవలేదు.

లెస్లీస్ వీక్లీ 1916 జూలై 6 సంచిక మీద జేమ్స్ మాంట్‌గొమరీ ఫ్లాగ్ వేసిన, అమెరికాకు ప్రతీక అయిన అంకుల్ శామ్ వేలు చూపే బొమ్మకు ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది. మరుసటి ఏడాది సైన్యంలో చేరమనే పోస్టరుగా మారి 40 లక్షలకు పైగా ప్రతులు అచ్చయిన ఆ బొమ్మకు 95 ఏళ్ల కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. సాటర్డే ఈవెనింగ్ పోస్ట్ 1943 మే 29 సంచిక మీద నార్మన్ రాక్‌వెల్ వేసిన, ఒడిలో రివెట్ గన్ (లోహపు రేకులు బిగించే పనిముట్టు) పెట్టుకుని శాండ్‌విచ్ తింటున్న రోజీ అనే యుద్ధకాలపు కార్మికురాలి బొమ్మకు రుసుము కట్టాను, రెండు వారాల్లో కాగితం వచ్చింది.

నన్ను ముప్పుతిప్పలు పెట్టినది 1942 జూలై నాటి బొమ్మ. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగాక వచ్చిన తొలి అమెరికా స్వాతంత్ర్య దినోత్సవానికి, ట్రెజరీ (ఆర్థిక) శాఖ ప్రోత్సాహంతో, సుమారు 500 పత్రికలు ఒకే నెలలో ముఖచిత్రంగా జాతీయ జెండాను, దాని పక్కన ‘యునైటెడ్ వి స్టాండ్’ (ఐక్యంగా నిలుస్తాం) అనే నినాదాన్ని అచ్చు వేశాయి. యుద్ధ ఖర్చుకు జనం దగ్గర అప్పు తీసుకునే యుద్ధ బాండ్లు అమ్మడం దాని అసలు ఉద్దేశాలలో ఒకటి. జెండాను ప్రకటనలకు వాడరాదని చెప్పే జెండా నియమావళి అదే ఏడాది జూన్ 22న ఆమోదం పొందిందన్న సంగతి తెలిసినవారికి ఈ సంచికలు చూస్తే నవ్వు రాక మానదు. ఆ నియమాన్ని మీరితే శిక్ష మాత్రం లేదు.

అలాంటి సంచికల్లో ఒకటి, ఏనాడో మూతబడిన ఒక గృహ పత్రికది, పాత పుస్తకాల దుకాణంలో నాకు దొరికింది. పిన్నులు తుప్పుపట్టి ఉన్నాయి. 48 నక్షత్రాల జెండా గాలికి మెలిక తిరుగుతున్నట్టు వేసిన ఆ బొమ్మలో, కింది తెల్లచార మడతలో చిత్రకారుడి సంతకం ఉంది. 1964కు ముందు ఇక్కడ ప్రచురితమైన వాటికి మొదట 28 ఏళ్ల హక్కు ఉండేది. 28వ ఏట దాన్ని పునరుద్ధరించుకోకపోతే ఆ రచన జనం సొత్తయ్యేది. అందుకని 1969, 1970, 1971 సంవత్సరాల కాపీరైట్ జాబితాలు ముందేసుకుని ఆ పత్రిక పేరు కోసం వరస వరసా వెతికాను. పేరు లేదు. విజయగర్వంతో సంస్థకు ఉత్తరం రాశాను.

దానికి జవాబుగా వీడియో సమావేశానికి పిలిచారు. తెర మీద ఐదుగురున్నారు. “పత్రిక పునరుద్ధరించుకోలేదు సరే, చిత్రకారుడు తన పేరు మీద విడిగా చేయించుకోలేదని మీకెలా తెలుసు?” అని అనుమతుల అధికారిణి అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే, నా దగ్గర సమాధానం లేదు. అక్కడితో ఆగి ఉంటే ఆమె మీద నాకు గౌరవమే మిగిలేది. కానీ ఆమె చిరునవ్వుతో, “మీ దేశంలో ఈ పద్ధతులు వేరుగా ఉంటాయేమో” అని కూడా అంది. ఈ దేశంలో ఆరేళ్లుగా పిల్లలకు ముద్రణ చరిత్ర చెబుతున్న మనిషిని నేను. నా సంపాదకుడు తల వంచుకుని ఏదో రాసుకుంటున్నట్టు నటించాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

సంతకం చదవడం కోసం పదింతలు పెద్దగా చూపే భూతద్దం కొన్నాను. అచ్చులోని రంగులన్నీ చిన్న చిన్న చుక్కల కూర్పు కావడం వల్ల, ఎంత దగ్గరగా చూస్తే అంతగా ఆ అక్షరాలు ఎర్ర చుక్కలుగా, నీలి చుక్కలుగా విడిపోయేవి. మన ‘యువ’ పత్రిక ముఖచిత్రాల మీద చిత్రకారుడు వడ్డాది పాపయ్య పెట్టే ‘వపా’ అన్న రెండక్షరాలను చిన్నపిల్లలు కూడా గుర్తుపట్టేవారు. ఈ మహానుభావుడి పేరులో మూడో అక్షరం ఏమిటో నెల రోజులైనా తేలలేదు. చివరికి సంచికను గ్రంథాలయానికి తీసుకెళ్లి చూపిస్తే, అక్కడ పనిచేసే విద్యార్థిని దాన్ని తెరిచి, విషయసూచిక అడుగున ఆవగింజంత అక్షరాల్లో ఉన్న ముఖచిత్రకారుడి పేరు మీద వేలు పెట్టింది. నిమిషం కూడా పట్టలేదు. సమావేశంలో జరిగిన అవమానం కంటే ఇది నాకు ఎక్కువగా గుచ్చుకుంది, ఎందుకంటే దీనికి నిందించడానికి ఎవరూ దొరకలేదు.

ఆ పేరుతో కాపీరైట్ జాబితాల్లోని కళాకృతుల భాగాలన్నీ మళ్లీ వెతికాను, పునరుద్ధరణ కనబడలేదు. ఏ సంపుటాన్ని ఏ తేదీన చూశానో, ఏయే పేర్లతో వెతికానో నాలుగు పేజీల నివేదిక తయారుచేసి పంపాను. ఇంతకంటే పకడ్బందీ నివేదిక తామెన్నడూ చూడలేదని నా సంపాదకుడు ఫోనులో ఒప్పుకున్నాడు. దాన్ని అధికారిణి నోట కూడా వినాలని ఉంది గానీ ఆమె అనలేదు.

ఈ దారిన పడబోయేవారు ముందు విషయసూచిక చూడండి. గ్రంథాలయాలు అడిగే స్కాన్ రుసుముల కంటే పాత సంచికను కొనుక్కోవడమే కొన్నిసార్లు చవక. అధికారులకు రాసేటప్పుడు “అనుకుంటున్నాను” అన్న మాట పొరపాటున కూడా వాడకండి, ఆ ఒక్క మాట పట్టుకుని మూడు వారాలు లాగుతారు.

ఆమోదం తెలిపిన ఈమెయిల్‌లో నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. దిద్దమని ఇంకా రాయలేదు.