జాకీ కింద తొమ్మిది

ట్వెంటీ నైన్ అనే పేకాటను చాప మీద ఎదురెదురుగా కూర్చుని నేర్చుకోవడం కంటే, వేర్వేరు ఊళ్ళలో ఉన్న స్నేహితులతో ఫోన్‌లో ఆడుతూ నేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం. పాత ఆటగాళ్ళకు ఈ మాట రుచించకపోవచ్చు. అయినా ఈ ఆటలో కొత్తవారికి అన్నిటికంటే ఆలస్యంగా పట్టుబడేది జోడీ, అంటే మన పక్షాన ఆడేవారు, వేసిన ముక్కలోని ఉద్దేశాన్ని గ్రహించడం. చాప మీద ఆడేటప్పుడు మన చూపు ముక్క మీద కంటే జోడీ ముఖం మీదే ఎక్కువ నిలుస్తుంది. ఫోన్‌లో ముఖం కనిపించదు కనుక ముక్కనే చూడవలసి వస్తుంది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రప్రదేశ్‌లోనిది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గీసిన సరిహద్దు మా బంధుత్వాల మధ్యగా పోయింది. ఇక్కడి తెలుగు ఇళ్ళలో పేక అంటే రమ్మీయే. పెళ్ళివారి విడిదిలోనూ, శివరాత్రి జాగరణలోనూ పదమూడేసి ముక్కలు పంచుకుని కూర్చోవడమే నేను చిన్నప్పటి నుంచీ చూసింది. ట్వెంటీ నైన్ మాత్రం కాలేజీ హాస్టళ్ళలోనూ, ఒడియా మిత్రుల ఇళ్ళ అరుగుల మీదా సాగేది. మేము పక్కన నిలబడి చూసేవాళ్ళమే తప్ప ఆటలో కూర్చోలేదు. ఇప్పుడు మా నలుగురిలో ఒకడు గంజాం జిల్లా వాళ్ళు చాలామంది లాగే సూరత్‌లో బట్టల మిల్లు పనిలో ఉన్నాడు, ఇంకొకడు రాయగడలో ఉన్నాడు, అతని అన్నయ్య బరంపురంలో ఉన్నారు. ఆట వచ్చినవారు ఆయన ఒక్కరే. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక ఆట యాప్‌లో మాకు మాత్రమే తెలిసిన గది తెరిచి, వాట్సాప్ కాల్ కలుపుకుని కూర్చుంటాం.

రమ్మీ నుంచి వచ్చినవారికి ఈ ఆటలో మొదట ఎదురయ్యే ఇబ్బంది ముక్కల విలువ. రెండు నుంచి ఆరు వరకు ముక్కలన్నీ పక్కన పెట్టేస్తారు. మిగిలిన 32 ముక్కలతో, ఇద్దరిద్దరు జోడీలుగా, మనిషికి ఎనిమిది చొప్పున ఆడతారు. ప్రతి రంగులోనూ జాకీయే అన్నిటికంటే పెద్దది, ఆ తరువాతది తొమ్మిది, దాని వెనుక ఆసు, పది. రాజు, రాణి, ఎనిమిది, ఏడు ఆ కిందివి. జాకీకి మూడు పాయింట్లు, తొమ్మిదికి రెండు, ఆసుకూ పదికీ ఒక్కొక్కటి. రాజుకూ రాణికీ సున్నా. ఒక్కో రంగులో ఏడు పాయింట్ల చొప్పున నాలుగు రంగులకు 28 అవుతాయి. చివరి పట్టు (నలుగురూ తలా ఒక ముక్క వేసే విడత) గెలిచినవారికి ఒక పాయింటు కలిపే పద్ధతి వల్ల 29 అన్న పేరు వచ్చింది. ఆ ఒక్క పాయింటును ఇప్పుడు చాలామంది లెక్కించరు గాని పేరు మాత్రం నిలిచిపోయింది. జాకీ, తొమ్మిది ఇలా పైకెక్కే ఆటలు యూరప్‌లో యాస్ అనే కుటుంబానికి చెందినవి. డచ్చివారి క్లావర్‌యాస్‌లో తురుపు రంగు (మిగతా రంగులన్నిటినీ కొట్టే రంగు) జాకీకి 20 పాయింట్లు, తొమ్మిదికి 14. మన ట్వెంటీ నైన్, కేరళలో ఆడే 28 కూడా ఆ కుటుంబం నుంచే వచ్చాయని పేకాటల చరిత్ర రాసినవారు భావిస్తున్నారు.

ఆట మొదట్లో తలా నాలుగు ముక్కలే పంచుతారు. వాటిని చూసుకుని 16 నుంచి 28 వరకు పాట పాడాలి, అంటే ఎన్ని పాయింట్లు తెస్తామో వేలంలో లాగా చెప్పాలి. ఎక్కువ పాడినవారు ఒక రంగును తురుపుగా ఎంచి మూసి పెడతారు, ఆ తరువాతే మిగిలిన నాలుగు ముక్కలూ చేతికి వస్తాయి. అంటే సగం చేతిని చూసి మాట ఇచ్చి, మిగిలిన సగం ఎలా వచ్చినా ఆ మాటకు కట్టుబడి ఉండాలన్నమాట. ఇస్పేటు జాకీ, ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఏడు, ఆఠీను ఆసు వచ్చాయనుకుందాం. ఇటువంటి చేతికి అన్నయ్య 18 వరకు వెళ్ళమంటారు, ఎందుకంటే తురుపులో మొదటి రెండు ముక్కలూ మన దగ్గరే ఉన్నాయి, మూడో ముక్క వాటికి తోడుగా ఉంది. జాకీ లేని చేతితో మాత్రం 16 దాటవద్దని ఆయన గట్టిగా చెబుతారు. 18 పాడితే పాడిన జోడీ 28లో 18 పాయింట్లు కూడబెట్టాలి. ఎదుటివారికి 11 దక్కితే పాట పోయినట్టే. అందువల్ల పాడనివారికి కూడా తమ గమ్యం ఎంతో మొదటి ముక్క పడకముందే తెలుస్తుంది.

తురుపు మూసి ఉండటమే ఈ ఆటకు ప్రాణం. అది తెరుచుకునే వరకు ఆ రంగుకు ఏ ప్రత్యేక బలమూ ఉండదు, మిగిలిన రంగుల్లో అదీ ఒకటి. మొదట దిగిన రంగు చేతిలో లేనివారు తురుపు చూపించమని అడగవచ్చు, లేదా అడగకుండా ఏదో ఒక ముక్క పారేయవచ్చు. అడిగితే మాత్రం, చేతిలో తురుపు ఉంటే దానిని వేసి తీరాలి. ఎప్పుడు అడగాలో తెలియడం ఒక ఎత్తు, ఎప్పుడు ఊరుకోవాలో తెలియడం ఇంకో ఎత్తు. మన జోడీ పట్టు గెలుస్తూ ఉంటే తురుపు అడగవలసిన పని లేదు, దానికి బదులు చేతిలోని పదినో ఆసునో ఆ పట్టులోకి జారవిడవాలి. పాడినవారు ఏ రంగుతో దిగకుండా తప్పించుకుంటున్నారో కనిపెడితే మూసి ఉన్నది ఏ రంగో సగం తెలిసిపోతుంది. ఆ తప్పించుకోవడమే ఒక ఎత్తుగడ కూడా కావచ్చు కాబట్టి మిగిలిన సగం ఊహకే మిగులుతుంది.

నేను ఈ ఆటను నిజంగా ఇష్టపడటం మొదలుపెట్టింది ఒక మామూలు పట్టు దగ్గర. ఆ ఆటలో పంచింది నేను కాబట్టి మొదటి పట్టులో చివరి ముక్క నాది. కుడివైపు నుంచి అన్నయ్య డైమన్ ఎనిమిదితో దిగారు, నా జోడీ అయిన సూరత్ మిత్రుడు డైమన్ జాకీ వేశాడు, రాయగడ మిత్రుడు రాణి వేశాడు. నా చేతిలో డైమన్ తొమ్మిది, పది ఉన్నాయి. పట్టు ఎలాగూ మాదే. రమ్మీకి అలవాటుపడిన చేయి ఇక్కడ పది వేసి, జాకీ పోయాక పెద్దది తొమ్మిదే కదా అని దానిని దాచుకోమంటుంది. లెక్క వేరేగా చెబుతుంది. ఒక రంగులో ఉన్నవి ఎనిమిది ముక్కలు, అందులో నాలుగు ఈ పట్టులోనే పోతాయి. నేను తొమ్మిది దాచుకుంటే బయట ఉండేవి మూడు. మిగతా ముక్కలు ఎవరికి ఎలా వచ్చాయో తెలియదనుకుని లెక్క కడితే, ఆ మూడూ మిగిలిన ముగ్గురికీ తలా ఒకటి వచ్చి ఉండే అవకాశం నూటికి సుమారు 26 మాత్రమే. అంటే నాలుగింట మూడు సార్లు ఎవరో ఒకరి దగ్గర డైమన్ ఉండదు. ఆ ఒకరు ఎదుటి జోడీలోని వారైతే తురుపు అడిగి నా తొమ్మిదిని పట్టుకుపోతారు. అందుకే తొమ్మిదిని జాకీ కింద ఇప్పుడే పెట్టి, అయిదు పాయింట్లు ఒక్క పట్టులో కట్టేయాలి. ఆ తరువాత పది పోతే పోయేది ఒక్క పాయింటే.

నేను తొమ్మిది వేశాను. ఆ ఆట ముగిశాక మైకు తెరిచి సూరత్ మిత్రుడు అన్న మాట ఇది: "బావా, నువ్వు తొమ్మిది పెట్టావు కదా, నీ దగ్గర డైమన్ ఇంక పెద్దది లేదని నాకు అప్పుడే తెలిసిపోయింది. మళ్ళీ ఆ రంగుతో దిగలేదు చూడు." ఒక్క ముక్క పాయింట్లనూ తెచ్చింది, సమాచారాన్నీ చేరవేసింది. చాప మీద అయితే అతను నా కళ్ళలోకి చూసి ఉండేవాడు, నేను ముఖం చిట్లించో నవ్వో ఏదో తెలియజేసి ఉండేవాణ్ణి, వేసిన ముక్కలో ఇంత అర్థం ఉందని ఇద్దరికీ తెలిసేది కాదు.

ఆట నడుస్తున్నంతసేపూ మైకులు మూసి ఉంచాలన్నది అన్నయ్య పెట్టిన నియమం. చివరి ముక్క పడ్డాక తెరిచి, ఎవరు ఏది ఎందుకు వేశారో మొదటి పట్టు నుంచి చెప్పుకుంటాం. ఈ మాటలకు ఒక్కోసారి ఆట కంటే ఎక్కువ సమయం పడుతుంది, నేర్చుకున్నదంతా అక్కడే. ఆలస్యంగా ముక్క పడినా ఏమీ తెలియదు, ఎందుకంటే అది ఆలోచనో, సిగ్నల్ అందకపోవడమో చెప్పలేం. దిగిన రంగు ఉండగా వేరే రంగు వేయడం వంటి పొరపాట్లు యాప్ జరగనివ్వదు, వేయకూడని ముక్కలు మసకబారి కనిపిస్తాయి. అందుచేత నేర్చుకునేవారి మనసు నియమాల భయం వదిలి ఆలోచన మీద నిలుస్తుంది.

కానీ యాప్ చేసే ఒక మేలును మాత్రం మేము వద్దనుకున్నాం. పోయిన ముక్కలను పక్కన వరుసగా చూపించే సౌకర్యం ఒకటి ఉంది, దానిని అందరం ఆపేశాం. లెక్క గుర్తుంచుకోవడం ఈ ఆటలో సగం, ఆ సగాన్ని తెరకు అప్పగిస్తే మనకు మిగిలేది వేలితో నొక్కడమే. అన్నయ్య దానిని నేర్పిన పద్ధతి ఎంతో తేలికైనది. నాలుగు జాకీలు, నాలుగు తొమ్మిదులు, ఈ ఎనిమిది ముక్కల్లోనే 28లో 20 పాయింట్లు ఉన్నాయి. మొదట్లో ఆ ఎనిమిదింటినే గుర్తుంచుకోమన్నారు. "జాకీలు ఎన్ని పోయాయి? ఏవేవి?" అన్న ఒక్క ప్రశ్ననే ప్రతి ఆట తరువాతా అడిగేవారు. అవి అలవాటయ్యాక ఆసులూ పదులూ కలిపాం. మిగిలిన పదహారు ముక్కలకు పాయింట్లు లేవు. తురుపు రాజు, రాణి జత ఒక్కటే వాటిలో పట్టించుకోదగినది. తురుపు తెరుచుకున్నాక ఆ రెండూ ఒకే చేతిలో ఉన్నాయని చూపిస్తే, చూపింది పాడిన జోడీ అయితే పాట నాలుగు తగ్గుతుంది, ఎదుటి జోడీ అయితే నాలుగు పెరుగుతుంది.

జ్ఞాపకం మీద నడిచే పట్టుల ఆట మా ప్రాంతానికి కొత్తది కాదు. ఒడిశాలో గంజప అనే గుండ్రటి పేక ఉంది. బట్ట మీద జిగురూ సుద్దా పూసి గట్టిపరచి, చిత్రకారులు చేత్తో బొమ్మలు వేస్తారు. రఘురాజ్‌పూర్‌లో ఇప్పటికీ ఆ పని చేసేవారు ఉన్నారు. ఒక్కో రంగుకు పన్నెండు ముక్కలు, రాజు, మంత్రి, ఒకటి నుంచి పది వరకు. ఎనిమిది రంగుల పేకలో 96 ముక్కలు, పది రంగుల దానిలో 120. అందులో తురుపు అనేది లేనే లేదు. ఏ ముక్క పోయింది, ఏది ఇప్పుడు పెద్దదైంది అన్న జ్ఞాపకమే ఆసాంతం ఆటను నడిపిస్తుంది. 120 ముక్కలను మనసులో పెట్టుకుని ఆడిన వాళ్ళను తలచుకుంటే, పదహారు గుర్తుంచుకోవడానికి యాప్ సాయం అడగడం నాకు సబబుగా తోచదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఊరికొక పద్ధతి ఉన్న ఆట ఇది. కనీస పాట 15 అంటారు కొందరు, 16 అంటారు కొందరు. చివరి పట్టుకు పాయింటు ఉందా లేదా, డబుల్ అనవచ్చా, జతకు ఎంత అన్నవి బరంపురంలో ఒకలా, సూరత్‌లోని మా వాళ్ళ గదుల్లో మరోలా ఉంటాయి. గది తెరిచే ముందే ఇవన్నీ మాట్లాడుకుని సెట్టింగుల్లో పెట్టుకోకపోతే, స్నేహితుల మధ్య మాట పట్టింపు రావడానికి మొదటి ఆట చాలు. డబ్బు సంగతి మరీ ముఖ్యం. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, నైపుణ్యమున్న ఆట అయినా అదృష్టం మీద నడిచే ఆట అయినా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. రమ్మీ యాప్‌లలో జీతాలు పోగొట్టుకున్న ఇళ్ళను మా వీధిలోనే చూశాను కాబట్టి ఆ చట్టం నాకు ఎంతో అవసరమైనదిగా కనిపిస్తుంది. మా గదిలో పందెం లేదు, వచ్చే అవకాశమూ లేదు. ఆరు గేములు ముందు గెలిచిన జోడీది ఆ రాత్రి, అంతే.

పాతపట్నంలో ఉన్న మా చెల్లెలు తనకూ నేర్పమని అడుగుతోంది. మొదటి వారం తను ఆడనక్కర లేదు, నా పక్కన కూర్చుని జాకీలూ తొమ్మిదులూ లెక్కపెడితే చాలని చెప్పాను. పాట ఎలా పాడాలో రెండో వారం అన్నయ్య చెబుతారు. తను నిలదొక్కుకున్నాక మేము ఐదుగురం అవుతాం కాబట్టి, ఆదివారం ఓడిన జోడీలో ఒకరు తరువాతి ఆటకు పక్కకు తప్పుకుని లెక్క రాయాలని నిర్ణయించుకున్నాం.